డ్రాఫ్ట్‌లో ముందు లైన్‌మెన్‌నే ఎంచుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, బంతి పట్టి పరుగు తీసే ఆటగాళ్లకే తొలి ప్రాధాన్యం ఇవ్వాలన్న వాదనతో నేను ఏకీభవించలేను.

సిన్సినాటి బెంగాల్స్ జట్టు 2020లో మొట్టమొదటి ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు) జో బరోను తీసుకుంది. ఆ నవంబరులోనే అతని మోకాలు తీవ్రంగా దెబ్బతింది. అయినా 2021లో అయిదో ఎంపిక చేతికి వచ్చినప్పుడు, ప్రత్యర్థులను అడ్డుకుని అతనికి కాపుగా నిలవగల లైన్‌మన్ పెనై స్యూయెల్ అందుబాటులో ఉండగానే, విసిరిన బంతిని అందుకునే రిసీవర్ జమార్ చేజ్ వైపు మొగ్గింది. చేజ్ అద్భుతంగా ఆడాడు, జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు చేరింది, అది కాదనను. కానీ 2022 ఫిబ్రవరిలో ఇక్కడి తెలుగు మిత్రులం తెల్లవారుజామునే లేచి చూసిన ఆ పోరులో, బంతి విసిరే వ్యవధి దొరకక బరో 7 సార్లు నేలకూలడం, జట్టు 20-23తో ఓడిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తున్నాయి.

క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు ముందు అతన్నే వెతుక్కోవాలి. ఉన్న జట్టు మాత్రం తొలి రౌండ్‌ను లైన్‌మెన్‌కు కేటాయించి, రిసీవర్లను తరువాతి రౌండ్లలో ఎంచుకోవచ్చు. ఆ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన ప్రత్యర్థి జట్టు రామ్స్ రిసీవర్ కూపర్ కప్ 2017 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో ఎంపికైనవాడే.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు