బాపు మతిమరుపు, క్యాల్షియం ముచ్చట

అరే శీనూ,

మొన్న ఫోన్ల సక్కగ చెప్పలేకపోయిన, అందుకే కూసోని రాస్తున్న. మెదడుల క్యాల్షియం పెరిగితే నరాలు ఖరాబైతయని ఎవరో అన్నరని బాపు మోకాళ్ల క్యాల్షియం గోలీలు బంద్ చేస్తనన్నవు గదా, డాక్టర్‌ను అడగకుండ ఆ పని చెయ్యకురా. మెదడుల జరిగే లెక్క వేరే.

నరాల కణం బయట క్యాల్షియం లోపలికంటె దాదాపు 10,000 రెట్లు ఎక్కువుంటది. లోపల అంత తక్కువుంది గాబట్టే కొంచెం రాంగనే అది సిగ్నల్ అయితది, మనకు ఏదన్న యాదికుండుడు గూడ దాంతోనే, పని కాంగనే పంపులు దాన్ని బయటికి తోడాలె, కొంత కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే గోదాముల దాచాలె.

ఇగ మెదడుల వాపు సంగతి, దాంతోని గూడ ఈ క్యాల్షియం లెక్క తప్పుతది. మెదడుల మైక్రోగ్లియా అని కాపలా కణాలుంటయి, దెబ్బ తగిలితేనో ఇన్ఫెక్షనొస్తేనో లేస్తయి, పనైనంక సల్లబడాలె. ఏండ్లకేండ్లు సల్లబడకపోతేనే కష్టం. అవి వదిలే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అసుంటి వాపు రసాయనాలతోని క్యాల్షియంను రానిచ్చే రిసెప్టర్లు, అంటే తలుపుల అసుంటివి, నరాల కణం మీదికి ఎక్కువొస్తయి, పక్కన సాయముండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు, సిగ్నల్ మోసే గ్లుటమేట్ అనే రసాయనాన్ని సరిగ్గ ఎత్తెయ్యవు, దాంతోని క్యాల్షియంను రానిచ్చే ఎన్‌ఎండీఏ అనే రకం రిసెప్టర్లు మాటిమాటికి తెరుసుకుంటయి, లోపల దాచింది గూడ తూము షట్టర్ పూర్తిగ పడని చెరువు లెక్క కారుతనే ఉంటది. క్యాల్షియం అట్ల నిలిస్తే క్యాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ లేసి కణాల నడుమ జోడింపులను వీక్ చేస్తది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీద గూడ భారం పడ్తది. కణం సచ్చేది తర్వాత, ముందుగాల తెగేది ఆ జోడింపులే.

బాపుకు అల్జీమర్సేనని నేను అంటలేను. కానీ ఎనుమాముల మార్కెట్ల పోయినేడు మిర్చి ఏ అడ్తికి పోసిండో చెప్తడు, పొద్దున తిన్నది చెప్పలేడు అన్నవు సూడు, కొత్త సంగతులు ముందుగాల పోవుడు ఆ జబ్బుల మామూలే. కావాలని చేస్తలేడురా, ఆయన మీద గరం గాకు, నాకు మస్తు బాధైతది.

వాపు తగ్గుతదని నొప్పుల గోలీలు గూడ ఎయ్యకు, అల్జీమర్స్ మీద పెద్ద ట్రయల్స్‌ల అవి పని చెయ్యలే, కడుపుల పుండ్లు, కిడ్నీల బాధ అదనం. అల్జీమర్స్‌కు మెమాంటిన్ అని ఒక మందుంది, అమెరికాల 2003ల పర్మిషనొచ్చింది, ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు అతిగ తెరుసుకోకుండ ఆపుతది, కొందరికి కొంచెం నయమనిపిస్తది గానీ జబ్బును తియ్యది. అది గూడ న్యూరాలజిస్ట్ రాస్తేనే.

ముందుగాల బీ12, థైరాయిడ్, షుగర్ టెస్టులు చేపియ్యి, మతిమరుపు వాటితోని గూడ వస్తది. చెవులు గూడ చూపియ్యి, ఇనబడకపోతే మర్సిపోయినట్టే కనబడ్తది. ఆదివారం హన్మకొండకు తీస్కరా, పాత రిపోర్టులన్ని పట్టుకోని, నేను గూడ ఎంబడి వస్త.

నీ
రాజు