మా కొటేషన్‌లో కాకిలెక్క

ద్వారకానగర్‌లో మా షాపు నుంచి సర్వర్లు, స్టోరేజీ బాక్సులు తీసుకున్నవాళ్లందరికీ నమస్కారం. ఈసారి ఆఫర్లేం లేవు. మేం చేసిన తప్పొకటి చెప్పాలి.

గాజువాకలో షిప్పింగ్ క్లియరింగ్ పని చేసే పాత కస్టమర్ ఒకరికి పన్నెండు హార్డ్‌డిస్కుల బాక్సు పెట్టాం. అన్నీ 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగేవి), రెయిడ్ 6, అంటే రెండు డిస్కులు పోయినా డేటా పోకుండా కలిపి పెట్టే పద్ధతి. 9,000 ఐఓపీఎస్, అంటే సెకనుకు అన్ని చదివే, రాసే పనులు అవుతాయని కొటేషన్‌లో రాశాను. ఆయన ఎదురుగానే టెస్టు నడిపి చూపించాను కూడా. నెలాఖరు వచ్చింది, లెడ్జర్లు క్లోజ్ చేసే రాత్రి స్క్రీన్లు బిగుసుకుపోయాయి. "దీనికన్నా పాతదే నయం కదండీ" అని ఆయన ఫోన్ చేస్తే నా నోట మాట రాలేదు.

తర్వాత తెలిసింది. నేను టెస్టుకు వాడింది 4 జీబీ ఫైలు, డిస్కులను నడిపే కంట్రోలర్‌లో క్యాష్, అంటే డేటాను తాత్కాలికంగా పెట్టుకునే వేగమైన మెమరీ, 8 జీబీ. ఫైలంతా క్యాష్‌లోనే తిరిగింది, డిస్కులకు పనే పడలేదు. ఆయన డేటాబేస్ ఏమో 2 టీబీ.

కాగితం మీద లెక్క వేసుంటే పది నిమిషాల్లో దొరికిపోయేది. ఈ రకం డిస్కులో కావలసిన చోటు తిరిగి, చదివే, రాసే హెడ్ కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్ల పైమాటే, హెడ్ జరగడానికి ఇంకో 8, 9. మొత్తం 13 అనుకుంటే సెకనుకు ఒక్కో డిస్కు చేసేది 75 పనులు. పన్నెండింటికీ కలిపి 900. రెయిడ్ 6లో చిన్న రాత ఒక్కటి పడాలన్నా పాత డేటా, రెండు పారిటీలు (డిస్కు పోతే డేటా తిరిగి కట్టడానికి రాసిపెట్టే లెక్కలు) చదివి, మూడూ మళ్లీ రాయాలి. ఒక్క రాతకు ఆరు పనులు! ఆ ఆఫీసులో నూటికి అరవై చదవడం, నలభై రాయడం. అంటే వంద పనులు అడిగితే డిస్కుల మీద పడేవి 300. ఆ లెక్కన 900 కాస్తా 300 అయింది. నేను రాసింది 9,000.

ఆ 300 కూడా నిండా వాడుకోలేం. చందనోత్సవం రోజు సింహాచలం క్యూ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామూలు క్యూ లెక్కలో డిస్కు సగం బిజీగా ఉంటే జవాబుకు 26 మిల్లీసెకన్లు, తొంభై శాతం బిజీ అయితే 130.

గాజువాకలో డేటాబేస్‌ను రెయిడ్ 10లో, అంటే ప్రతిదీ రెండు చోట్ల రాసే పద్ధతిలో, నాలుగు ఎస్‌ఎస్‌డీల (తిరిగే భాగాలు లేని డిస్కుల) మీదికి మార్చాం, పాత డిస్కులు స్కాన్ కాపీలకు, బ్యాకప్‌కు. ఎస్‌ఎస్‌డీల ఖర్చులో సగం మాదే. ఆ నెల మా లాభం సంగతి అడక్కండి.

ఇకపై కొటేషన్ ఇచ్చే ముందు మీ సర్వర్‌లో డిస్కుల మీద పడే పనిని కొలిచే పెర్ఫ్‌మాన్ గానీ ఐఓస్టాట్ గానీ పెట్టి, నెలాఖరు కూడా కలిసేలా కొలుస్తాం. అందుకని కొటేషన్ కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, రేటూ పక్క షాపు కన్నా ఎక్కువ కనిపించొచ్చు. కొటేషన్‌లో అంకె పక్కనే రీడ్, రైట్ ఎంతెంత అనుకున్నామో, ఏ రెయిడో, ఎన్ని మిల్లీసెకన్ల లోపు జవాబో రాసి ఉంటుంది. అవి లేకుండా అంకె ఒక్కటే చూపిస్తే, ఇచ్చింది మేమైనా సరే, సంతకం పెట్టకండి.

గత రెండేళ్లలో మా దగ్గర స్టోరేజీ కొన్నవాళ్లు పాత కొటేషన్ పట్టుకుని రండి, లెక్క మళ్లీ వేద్దాం, ఉచితంగానే. నెలాఖరు మూడు రోజులు మాత్రం నేను షాపులో ఉండను, గాజువాకలో ఉంటాను.