సోరియాసిస్ ఫైల్లో బీపీ కాగితమేదీ?

సంపాదకులకు,

సోరియాసిస్ ఉన్నవాళ్ల ఫైళ్లలో విటమిన్ డి, బి12, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రూపంలో ఇచ్చే బి విటమిన్), హోమోసిస్టీన్ (రక్తంలోని ఒక అమైనో ఆమ్లం) రిపోర్టులు దండిగా ఉంటున్నాయి. బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) మాత్రం చాలాసార్లు కనిపించవు. పొలుసులు రాలే జబ్బుకు గుండెతో పనేమిటని అనుకోవడం వల్లే ఇలా జరుగుతోంది. చర్మంలో రగిలే వాపు (ఇన్‌ఫ్లమేషన్) రక్తనాళాలనూ వదలదు. తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్లవారికి గుండెపోటు ముప్పు, ఆ జబ్బు లేని అదే ఈడువారికన్నా సుమారు మూడు రెట్లని బ్రిటన్ వైద్య రికార్డులతో 2006లో వచ్చిన అధ్యయనం చూపింది.

గుండెజబ్బు ముప్పుతో ముడిపెట్టే హోమోసిస్టీన్ ఈ రోగుల్లో తరచు ఎక్కువగానే ఉంటుంది. మామూలు చర్మం పైపొర మారడానికి దాదాపు నెల పడితే, సోరియాసిస్ మచ్చలో కొద్ది రోజులే పడుతుంది. ఆ వేగానికి ఫోలేట్ ఖర్చయి హోమోసిస్టీన్ పేరుకుంటుందని ఒక వివరణ. కానీ ఫోలిక్ యాసిడ్, బి6, బి12 ఇచ్చి దాన్ని తగ్గించిన హోప్-2 అనే వైద్య ట్రయల్‌లో గుండెపోట్లు తగ్గలేదు. 25,871 మందితో నడిచిన వైటల్ ట్రయల్‌లో రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి కూడా గుండెకు రక్షణ ఇవ్వలేదు. అలాగని సోరియాసిస్ మందు మెథోట్రెక్సేట్‌తో రాసిన ఫోలిక్ యాసిడ్ మానకూడదు. అది ఆ మందు దుష్ప్రభావాలు తగ్గించడానికి.

అంకెలూ తప్పుదారి పట్టిస్తాయి. హోమోసిస్టీన్ కోసం తీసిన రక్తాన్ని ఐసులో పెట్టక, గంటలోపు ప్లాస్మా వేరుచేయకపోతే ఎర్రకణాల నుంచి అది ఊరి రీడింగ్ పెరుగుతుంది. ఒంట్లో వాపు ఉంటే ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వను చూపే ప్రోటీన్) పెరిగి ఐరన్ లోపాన్ని దాచేస్తుంది, జింకు తక్కువగా కనిపిస్తుంది. పక్కన సీఆర్‌పీ (వాపును చూపే రక్తపరీక్ష) లేకుండా వీటిని చదవకూడదు. గోళ్ల కోసం ఎక్కువ మోతాదులో బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం: గుండెపోటును గుర్తించే కొన్ని ట్రోపోనిన్ పరీక్షల్లో అది ఫలితాన్ని తగ్గించి చూపి గుండెపోటును మరుగుపరచగలదు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఛాతీనొప్పితో వెళ్లినప్పుడు ఈ మాట ముందే చెప్పాలి.

చర్మవ్యాధుల ఓపీలోనే బీపీ, నడుము కొలత చూసి, షుగర్, లిపిడ్ పరీక్షలు రాయాలి. సోరియాసిస్ మందుల్లో అసిట్రెటిన్ ట్రైగ్లిజరైడ్లను (రక్తంలోని ఒక రకం కొవ్వును), సైక్లోస్పోరిన్ బీపీని పెంచుతాయి కనుక ఆ మందులకు ముందూ, వాడుతున్నప్పుడూ ఇవి తప్పనిసరి. వేళ్లతో కలిపి రోగి అరచెయ్యి ఒంటిమీద సుమారు ఒక శాతం. మచ్చలు అలాంటి పది అరచేతులు దాటితే గుండె ముప్పు స్కోరును (వయసు, బీపీ, కొలెస్ట్రాల్ వంటివాటితో వేసే అంచనాను) 1.5తో గుణించవచ్చని 2019 అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఈ లెక్క ఓపీ చీటీ మీదే వేయాలని ఆసుపత్రులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు