కలుపు భయంతో పెరటికి సిమెంటు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఇళ్ల దగ్గర చిన్న తోటల పని చేసుకుని బతుకుతున్నాను. మాది పాకాల దగ్గర పల్లె, శనక్కాయ పండించిన ఇల్లు. పద్మావతిపురం పోయినా, కొర్లగుంట పోయినా, ఈమధ్య ఇంటివాళ్లు ఒకటే మాట అంటున్నారు: ‘కలుపుతో వేగలేం, సిమెంటు వేయించేస్తాం.’ ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. 2021 నవంబరులో ఈ ఊరు ఎట్లా మునిగిందో అందరం చూశాం. అంత వానను పెరటి మట్టి ఆపేదని నేను అనను. కానీ మిగిలిన కాస్త మట్టినీ మూసేస్తే మామూలు వాన నీళ్లు కూడా రోడ్డు మీదికే కదా వస్తాయి?

సిమెంటు వద్దన్నవాళ్లు నల్ల షీటు పరిచి మీద తెల్ల గులకరాళ్లు పోయిస్తున్నారు. మొదట్లో చూడ్డానికి బాగుంటుంది. తర్వాత రాళ్ల సందుల్లో దుమ్ము చేరుతుంది, గాలికి వచ్చిన విత్తనం షీటు పైనే మొలుస్తుంది. దాన్ని పీకబోతే వేరు షీటులో చిక్కుకుని తెగుతుంది. తుంగ మొలక సూదిలా ఉంటుంది, ప్లాస్టిక్‌నైనా పొడుచుకుని పైకొస్తుంది. మే నెల ఎండకు ఆ రాళ్లు కాగి పక్కనున్న మల్లె, గులాబీ వాడిపోతాయి. చివరికి షీటు పెళుసెక్కి ముక్కలైతే మట్టిలోంచి ఏరడం ఎవరి వల్లా కాదు.

కలుపు గింజల్లో చాలావాటికి మొలవడానికి వెలుతురు కావాలి. ఆ వెలుతురు అందకుండా చేస్తే చాలు. ప్రకృతి సేద్యం చేసే రైతులు దీన్నే ఆచ్ఛాదన అంటారు. వాన పడి నేల మెత్తబడ్డాక ఉన్న కలుపును వేళ్లతో పీకాలి, తుంగ గడ్డలైతే తవ్వి తీయాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా వృథా. ఆ తర్వాత చదివేసిన దినపత్రికలు ఆరేడు కాగితాల మందంలో, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి తడపాలి. దాని మీద మూడంగుళాల మేర ఎండుటాకు పోయాలి. మామిడాకు గట్టిది, నిదానంగా చివుకుతుంది, అందుకే నాకు దాని మీదే మక్కువ. వేపాకు త్వరగా మట్టిలో కలిసిపోతుంది, మళ్లీ మళ్లీ వేయాలి. అప్పటికీ అక్కడక్కడ మొక్క లేస్తుంది గానీ రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. నీళ్లు పోసే పనీ తగ్గుతుంది.

మన జిల్లాకు దొరికిన వరం శనక్కాయ పొట్టు. కాయలు ఒలిచే మిల్లుల దగ్గర అడిగితే దొరుకుతుంది. తేలిక, చదునుగా పరుచుకుంటుంది, వాన నీటిని కిందికి దిగనిస్తుంది. అయితే గింజలు మిగిలి ఉంటే ఎలుకలు వస్తాయి, జల్లించి వాడాలి. ఇంకొకటి, శనక్కాయ చేలల్లో వచ్చే కాండం కుళ్లు తెగులు బూజు పొట్టు వెంట రావచ్చు. కాబట్టి తెగులు పడిన చేను పొట్టు తేవద్దు. మంచి పొట్టునైనా బాగా ఎండబెట్టి, మొక్క మొదలుకు జానెడు దూరంలో వేయాలి. ఆకు వేసినా ఈ దూరం పాటించాల్సిందే, మొదలుకు ఆనించి కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది.

‘ఆకులు పరిస్తే పాములొస్తాయి’ అని అడుగుతారు. శేషాచలం కొండల పక్కన ఉండేవాళ్లకు ఆ భయం న్యాయమైనదే. పాము దాక్కునేది మూలన పోసిన కుప్పల్లో, ఇటుకల సందుల్లో. మూడంగుళాల పలుచని పొరలో దానికి పెద్దగా చోటుండదు. అయినా గుమ్మం దగ్గర, గోడల వెంబడి రెండడుగులు ఖాళీ వదలమంటాను. చెదలు గోడ ఎక్కకుండా ఉండటానికీ అది అవసరం.

గడ్డి మందు కొట్టమని కూడా కొందరు అడుగుతారు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును లైసెన్సు ఉన్న తెగుళ్ల నివారణ నిర్వాహకులు తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు ఆడుకునే పెరట్లో ఆ మందు నేను ముట్టను.

నగరపాలక సంస్థ వారికి ఒక విన్నపం. ఎండాకాలం ముందు వీధుల్లో కానుగాకు విపరీతంగా రాలుతుంది. దాన్ని ఊడ్చి వీధి చివర ఎవరో ఒకరు నిప్పు పెడుతున్నారు, పొగకు పక్క ఇళ్లలో ముసలివాళ్లు దగ్గుతున్నారు. చెత్తను వీధుల్లో తగలబెట్టకూడదని 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. ఆ ఆకును ప్లాస్టిక్ కలవకుండా సంచుల్లో నింపి, ప్రతి వార్డులో ఒక చోట ఉంచితే కావాల్సినవాళ్లం పట్టుకుపోతాం. ముందుగా ఒకటి రెండు వార్డుల్లో మొదలుపెట్టినా సంతోషమే.

ఇట్లు,
ఒక తోటమాలి,
తిరుపతి.