రాయబారి అన్న మాటకు స్పానిష్‌లో ఏది సరి?

సంపాదక మహాశయులకు,

ఇటీవల హైదరాబాద్‌లోని ఒక కళాశాల సభలో, వేదికపై ఆసీనురాలైన ఒక లాటిన్ అమెరికా దేశపు మహిళా కాన్సుల్ (విదేశీ నగరంలో తన దేశ పౌరుల అవసరాలు, వీసాల వంటివి చూసే అధికారి) ముందు ‘ఎంబహదోర్’ (పురుష రాయబారి) అని స్పానిష్‌లో అచ్చువేసిన పేరుపలక పెట్టారు. ఆమె దానిని ఒకసారి చూసి, మెల్లగా పక్కకు తిప్పి ఉంచడం ముందు వరుసలో ఉన్న నాకు కనిపించి మనసు చివుక్కుమంది. మన ‘రాయబారి’కి స్త్రీపురుష భేదం లేదు కాబట్టి ఇటువంటి పొరపాటు మనకు తట్టదు గానీ, స్పానిష్‌లో మహిళా రాయబారిని ‘ఎంబహదోరా’ అనాలి. పూర్వం ఈ మాటకు రాయబారి భార్య అనే అర్థమూ ఉండేది. అసలు ఆ సభకు వచ్చిన అతిథి రాయబారే కారు, కాన్సుల్. కాన్సుల్‌ను స్పానిష్‌లోనూ ‘కోన్సుల్’ అనే అంటారు. ఆ మాట సాధారణంగా మారదు, దాని ముందుండే ‘ఎల్’ అనే ఉపపదం మాత్రం స్త్రీల విషయంలో ‘లా’ అవుతుంది. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందం, కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి ఒప్పందం వేర్వేరుగా ఉన్నాయంటేనే ఈ రెండు పదవులూ ఒకటి కావని తెలుస్తుంది. రాయబారి లేనప్పుడు కార్యాలయ బాధ్యతలు చూసే అధికారికి ‘ఎంకార్గాదో దె నెగోసియోస్’ అనే మరో పేరుంది. నిఘంటువులో మొదట కనబడిన మాటను పలకపై ఎక్కించే ముందు, నిర్వాహకులు అతిథి కార్యాలయానికి ఫోన్ చేసి హోదాను అడిగి రాసుకోవాలని, లేదా తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్ చదివినవారికైనా చూపించాలని నా మనవి.

ఇట్లు,
ఒక భాషాభిమాని, హైదరాబాద్