హెర్నియా ఆపరేషన్ల లెక్క సరే, ఆ తర్వాతి లెక్క ఏది?

ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేం గజ్జల్లో హెర్నియాకు (పొట్ట గోడ బలహీనమైన చోట పేగు బయటికి పొడుచుకొచ్చే వాపుకు) ఆపరేషన్ చేసే సర్జన్లం. ఎన్ని ఆపరేషన్లు అయ్యాయన్న అంకె మీ బల్ల మీదికి వస్తుంది. ఎంతమందికి వాపు తిరగబెట్టింది, మూడు నెలలు గడిచినా ఎంతమంది చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోతున్నారు అన్నది రాదు. మేం అడిగేది ఈ రెండో లెక్క.

కుట్లు విప్పే రోజున దాదాపు అందరూ బాగానే ఉంటారు. తేడా తర్వాత బయటపడుతుంది, దాని మూలం మాత్రం చాలాసార్లు ఆపరేషన్ టేబుల్ మీదే ఉంటుంది. కోసి చేసే లిక్టెన్‌స్టైన్ పద్ధతిలో, బలహీనమైన చోట వేసి కుట్టే వల గుడ్డ (మెష్) సుమారు 7×15 సెం.మీ. ఉంటుంది. దాని లోపలి కొస జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఎముక) బుడిపెను దాటి 2 సెం.మీ. పరుచుకోవాలి. అంచు ఎముక దగ్గరే ఆగిపోతే హెర్నియా మళ్లీ ఆ సందులోంచే తన్నుకొస్తుంది. మెష్‌ను బిగలాగి కుట్టినా తప్పే. పడుకున్నప్పుడు సరిపోయినట్టే ఉంటుంది, లేచి దగ్గితే లాగుతుంది. పైగా ఒంట్లో అది కొంత కుంచించుకుపోతుంది. కుట్టు ఎముక పొరలోకి దిగితే నొప్పి, అక్కడుండే మూడు నరాల్లో ఒకటి కుట్టులో చిక్కితే ఇంకా పెద్ద నొప్పి. నెలల తరబడి వదలని నొప్పి 10–12 శాతం మందిలో ఉంటుందని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నొప్పి స్కానింగులో కనబడదు కాబట్టి వీళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లలో తొడ మొదట్లోంచి వచ్చే ఫెమొరల్ హెర్నియా మగవాళ్లలో కంటే ఎక్కువ. ముందు నుంచి కోసి గజ్జలోని పై రంధ్రం మూసేస్తే తొడ వైపున్న కింది రంధ్రం అలాగే మిగిలిపోవచ్చు. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే లాప్రోస్కోపీలో కనీసం 10×15 సెం.మీ. మెష్ వేస్తే రెండూ మూసుకుంటాయి.

ఇన్ని ఆపరేషన్లు చేయాలని టార్గెట్లు మాత్రం పెట్టకండి. హెర్నియా ఉన్నా ఏ బాధా లేని మగవాళ్లు ఆగి చూడవచ్చు. 2006లో వెలువడిన 720 మంది పరిశీలనలో, పేగు హఠాత్తుగా ఇరుక్కుపోవడం ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి మించలేదు. టార్గెట్ ఉంటే ముందు టేబుల్ ఎక్కేది వీళ్లే.

ఖరీదైన మెష్ ఒక్కటే మందు కాదు. ఉగాండాలో 302 మంది మగవాళ్లకు దోమతెర గుడ్డనూ, కంపెనీ మెష్‌నూ వేసి పోల్చారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు (2016). ఆ మాట చెప్పగలిగారంటే, ఏడాది తర్వాత మనుషుల్ని వెతికి చూశారు కాబట్టే. స్వీడన్ 1992 నుంచి, డెన్మార్క్ 1998 నుంచి హెర్నియా ఆపరేషన్లను నమోదు చేసే రిజిస్టర్ నడుపుతున్నాయి.

మాకు కావలసింది ఒక పేజీ ఫారం: ఏ వైపు, ఏ రకం హెర్నియా, మెష్ కొలత, బ్యాచ్ నంబరు, ఏ మత్తు, నరాలు కనిపించాయా లేదా, రోగి ఫోన్ నంబరు. ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఓసారి, ఏడాదికి మరోసారి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు: వాపు తిరిగి వచ్చిందా? నొప్పి పనికి అడ్డొస్తోందా? వేరేచోట మళ్లీ ఆపరేషన్ అయిందా? ఫోన్ చేసేది ఆపరేషన్ చేసిన యూనిట్ కాకూడదు. తన సర్జన్ ముఖం మీద నొప్పుందని చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. మొదటి రెండేళ్లు సర్జన్ల పేర్లతో ర్యాంకులు ప్రకటించొద్దు. ప్రకటిస్తే, కష్టమైన కేసుల్ని ఎవరూ ముట్టుకోరు.

ఇట్లు,
హెర్నియా సర్జన్లు