ఆ నట్టు దొరికింది బావా!

ఒరేయ్ బావా,

రెండు నెలలుగా ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. మామిడి సీజన్‌లో నిద్రకే దిక్కులేదు. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాళ్ళు మామూలే. అక్క కూతురు పదో తరగతి పాసయింది. మస్కట్ ఎండల గురించి నువ్వు రాసింది చదివా, దానికి జవాబు తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన ముసలి బొలెరో పికప్‌కి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ పగిలింది.

మొన్న శుక్రవారం రాత్రి నూజివీడు నుంచి బంగినపల్లి లోడేసుకుని నున్న మార్కెట్‌కి వస్తున్నా. ఏ లారీవాడో టైరుకి అడ్డం పెట్టుకున్న రాయిని రోడ్డు మీదే వదిలేసి పోయాడు. ఎదురు బస్సు లైట్లకి నాకు కనపడలేదు. కింద ఠంగుమంది. అర నిమిషానికి మీటర్లో ఆయిల్ ఎర్ర లైటు, అదే, నీ అల్లావుద్దీన్ దీపం! 'దీపం వెలిగితే దండం పెట్టి ఇంజన్ ఆపెయ్' అనేవాడివిగా, ఆపేశా. ఇంకో రెండు కిలోమీటర్లు పోనిచ్చి ఉంటే బేరింగులు పట్టేసి... వద్దులే.

సెల్ లైటేసుకుని కిందికి దూరితే, చాంబర్ లోపలికి సొట్టపోయి, మధ్యలో వేలెడు చీలిక. ఆయిల్ ధార కడుతోంది. పక్కూళ్ళో కొట్టువాణ్ణి లేపి ఎమ్‌సీల్ కొని రాశా. నవ్వకు, డీజిల్ గుడ్డతో తుడిచే రాశా. నల్ల కుడుములా ఊడి చేతిలోకొచ్చింది. కాయలు వేరే బండిలోకి మార్చి, మనదాన్ని తాడుకట్టి ఆటోనగర్‌కి లాగించేసరికి తెల్లారింది. ఇంజన్ ఆగిన బండికి బ్రేకు ఎంత గట్టిగా ఉంటుందో నీకు చెప్పేదేముంది, నా కాలు ఇంకా పీకుతోంది.

వెల్డింగ్ పెట్టమంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "అంచు వంకరపోయింది, ప్యాకింగ్ కూర్చోదు. కొత్తదేసేద్దాం" అన్నాడు. చుట్టూ అన్నీ పదో నంబరు బోల్టులే, పడుకుని నేనే ఊడదీశా. అన్నీ తీసినా చాంబర్ దిగదే! కింద ఛాసిస్ అడ్డకమ్మీ, ఆ క్రాస్ మెంబర్ అడ్డం. ఇంజన్ మౌంటింగ్ బోల్టులు తీసి, చైన్‌బ్లాక్‌తో ఇంజన్ రెండంగుళాలు లేపితే గానీ జారలేదు.

అడుగున నల్ల మడ్డి. మేస్త్రి వేలుపెట్టి కెలికి పళ్ళెంలోకి గీకాడు. టింగుమని ఏదో పడింది. డీజిల్‌లో కడిగితే నట్టు!

ఏ నట్టో వెలిగిందా? ఆరేళ్ళ కింద మా పెరట్లో ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ విప్పినప్పుడు నీ చేతిలోంచి జారిందే, అది! 'నేల మీదే పడింది, కాకి ఎత్తుకుపోయింది' అని నా తల మీద ఒట్టేశావు కదరా! స్పీకర్ అయస్కాంతం తాడుకి కట్టి ఇద్దరం సాయంత్రం దాకా పెరడంతా ఈడ్చాం. దొరికింది ఓ సైకిల్ చువ్వ, అమ్మ పిన్నీసు. ఇదేమో ఇంజన్ లోపల పుష్‌రాడ్ల సందులోంచి కిందికి దిగి, ఇన్నాళ్ళూ మడ్డిలో హాయిగా పడుకుంది. ఆయిల్ పీల్చే గొట్టానికి జాలీ ఉండబట్టి ఆయిల్ పంపులోకి పోలేదు.

మేస్త్రి ఊరుకోకుండా నాన్నకి చూపించాడు. నాన్న నావైపు చూశాడు. నేను పైకి చూశా. షెడ్డు రేకు మీద కాకి బావా, నిజం! నవ్వాపుకోలేక మళ్ళీ బండి కిందికి దూరా.

సొట్ట తగిలి జాలీ కూడా కాస్త నొక్కుకుంది, అదీ మార్చాం. ఇంజన్ అంచు శుభ్రంగా గీకి మేస్త్రి ప్యాకింగ్ పేస్టు సన్నగా రాశాడు. ఎక్కువైతే లోపలికి పిండుకుని, ఊడి జాలీకి అడ్డంపడుతుందట. బోల్టులు మధ్యలోంచి అటొకటి ఇటొకటి. నేను బలంకొద్దీ బిగించబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. పేస్టు ఆరేదాకా ఆయిల్ పోయనివ్వలేదు. సాయంత్రం దాకా ఒకటే టెన్షన్. సెల్ఫ్ కొట్టా. దీపం ఆరింది. అట్టముక్క కిందేసి గంటసేపు చూశా, చుక్క పడలేదు.

నట్టు ఈ కవర్లోనే పెట్టి పంపుదామనుకున్నా గానీ, నాన్న దాన్ని తాళాలగుత్తికి కట్టుకున్నాడు. నిన్న భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "మీ వాడు ఎప్పుడొస్తున్నాడు రా?" అన్నాడు. ఆ గొంతు విని నాకు...

అదిగో హారన్, లోడు వచ్చేసింది. మిగతాది మళ్ళీ రాస్తా.

నీ బావ